నోమార్‌ని పంపేశారు

2004లో నేను బోస్టన్లో ఆన్‌సైట్. నాకు బేస్‌బాల్ ఓనమాలు దిద్దించింది పక్క క్యూబికల్ మిత్రుడు. ఆ జులై 31న రెడ్‌సాక్స్ వాళ్ళు అతని హీరో నోమార్ గార్సియాపరాని చికాగో కబ్స్‌కి ఇచ్చేశారు. 1999, 2000లో వరసగా బ్యాటింగ్ టైటిల్ గెలిచినవాడు మరి! సోమవారం మావాడు ఎవరితోనూ మాట్లాడలేదు.

బదులుగా వచ్చిన కాబ్రెరా, మింట్‌కేవిచ్ అంత పెద్ద స్టార్లేం కారు, కానీ ఫీల్డింగులో దిట్టలు. జనరల్ మేనేజర్ థియో ఎప్‌స్టీన్ లెక్క అదే, ముందు చిల్లులు పూడ్చాలని. అక్టోబరులో 86 ఏళ్ళ తర్వాత వరల్డ్ సిరీస్ కొట్టారు.

అంటే స్టార్ని వదిలించుకుంటే గెలుస్తామనా? కాదు. 2003 డిసెంబరులోనే, అలెక్స్ రోడ్రిగేజ్‌ని తెచ్చుకునే బేరంలో భాగంగా నోమార్‌ని వేరే టీముకి పంపాలని చూశారు. బేరం చెడింది, సంగతి మాత్రం బయటికి పొక్కింది. ఆయన మనసు అప్పుడే విరిగుంటుందని నా అనుమానం. ఇక డ్రెస్సింగ్ రూములో మిగతావాళ్ళకి మాత్రం ధీమా ఎక్కడిది?

మొన్న మా టీములో బెస్ట్ డెవలపర్‌ని వేరే ప్రాజెక్టుకి అడిగితే సరేనన్నాను. పాపం అతనికి ఆ సంగతి మెయిల్లో తెలిసింది. లెక్క కరెక్టే కావచ్చు. కానీ ముందు చెప్పాల్సింది నేను, చెప్పలేదు.