ఆరో పేరు

నేను చెప్పేది తెలుగు సాహిత్యం. జగిత్యాలలో మా కళాశాలకు కోచ్ లేడు గనుక క్రాస్ కంట్రీ జట్ల పట్టికలు నా బల్లమీదికి వచ్చినవి. ఈ పందెంలో జట్టువారి స్థానాలను కూడుతారు; తక్కువ మొత్తం వచ్చినవారిదే గెలుపు. ముందున్నవాడొక్కడే గెలిపించలేడు. ఈ లెక్క నాకు నచ్చింది.

కాని సిరిసిల్ల కుర్రవాడు ఆదివారం రాత్రి సాంచాల మీద పనిచేసి వస్తాడు. సోమవారం వాని కాళ్లు కదలవు. కోరుట్ల పిల్లకు బీడీల లెక్క తీరందే మైదానం లేదు.

2023 డిసెంబరు నుండి ఆడపిల్లలకు బస్సు టిక్కెట్టు లేదు. బూట్లు ఉచితం కావు గదా! సొమ్ము ఐదు జతలకే వచ్చింది. ఆరో పేరు కొట్టివేయమన్నారు.

“నన్నే తీసేయుండ్రి సార్, బీడీలన్న చేస్త,” అన్నది.

కొట్టివేయలేదు. చందా పుస్తకం తెరిచాను. చందాల జట్టు ఎన్నాళ్లని ఒక మిత్రుడడిగాడు. జవాబు చెప్పలేకపోయాను, ఆమె పాదం కొలత మాత్రం రాసుకున్నాను.