నీళ్ళకంటే ముందు నీడ

అమెరికాలో అరిజోనా రాష్ట్రం, ఫీనిక్స్ నగరాన్ని ఆనుకుని మీసా అనే ఊరుంది. పక్కనే చాండ్లర్‌లో మా బావమరిది కాపురం. చుట్టూ సొనోరన్ ఎడారి. ఏడాదంతా కలిపి కురిసేది 200 మిల్లీమీటర్ల దరిదాపుల్లోనే. కరువుకు పేరుపడ్డ మన అనంతపురంలోనే 550 దాకా పడుతుంది. నేను వెళ్ళింది అక్టోబరు మొదట్లో. అప్పటికీ మధ్యాహ్నం ఎండ నలభై డిగ్రీలు తగ్గలేదు. ఇలాంటి చోట పోటీలకు కోళ్ళు పెంచుతూ, అదే పెరట్లో కూరగాయలు పండించే రిటైర్డ్ టీచరమ్మ ఒకావిడ ఉన్నారంటే చూడ్డానికి బయల్దేరాం.

మావాడికి ఇందులో సొంత పని కూడా ఉంది. పెరట్లో నాలుగు కోళ్ళు పెంచాలని ఎప్పటినుంచో ఉబలాటపడుతున్నాడు. 2024లో వచ్చిన రాష్ట్ర చట్టం ప్రకారం అరెకరం లోపు ఇళ్ళలో ఆరు కోళ్ళ దాకా పెంచుకోవచ్చు, ఊరి పాలకమండలి కాదనడానికి వీల్లేదు. పుంజును మాత్రం వద్దనే అధికారం ఊళ్ళకే వదిలేశారు. “కోడి కూయని ఇల్లు ఇల్లేంటి బావా” అని దారి పొడవునా వాడి సణుగుడు.

“ఏడింటికల్లా రండి. తొమ్మిది దాటితే నా కోళ్ళు ఎవరితోనూ మాట్లాడవు” అని ఫోన్‌లో ముందే చెప్పారావిడ.

ఎకరం పైచిలుకు స్థలం. ఒకప్పుడు అదంతా నారింజ తోట. పాత చెట్లు కొన్ని ఇంకా కాస్తున్నాయి. నాకు మొదట కంటబడింది చెట్లూ కాదు, కోళ్ళూ కాదు, పెరడు చుట్టూ మోకాటి ఎత్తున వేసిన మట్టి గట్టు. వరిమడికి వేసినట్టే ఉంది. ఒక మూల తూము. అక్కడికి సాల్ట్ నది కాలువ నీళ్ళు వస్తాయి. వేసవిలో రెండు వారాలకోసారి వంతు. వంతు అర్ధరాత్రి పడితే అర్ధరాత్రే లేచి తూము తీయాలి. పెరడంతా బెత్తెడు లోతున నిండి, తెల్లారేసరికి ఇంకిపోతుంది. కాలువ మీద నీళ్ళు వదిలే ఉద్యోగి ఒకరుంటారు, మన ఊళ్ళ నీరుగంటి లాగే.

ఈ నీళ్ళు అడిగిన ప్రతివాడికీ రావు. 1903లో ఈ లోయ రైతులు సంఘంగా ఏర్పడి, తమ భూముల్నే పూచీ పెట్టి ఆనకట్ట కట్టించుకున్నారు. 1911లో రూజ్వెల్ట్ డ్యామ్ పూర్తయింది. ఆనాడు పూచీ పెట్టిన పొలాలకే నీటి హక్కు. పొలాలు ఇళ్ళ స్థలాలైనా హక్కు నేలతోపాటే చేతులు మారుతూ వచ్చింది. అసలు అంతకు వందల ఏళ్ళ ముందే హోహోకమ్ అనే ఆదివాసులు ఇదే నదినుంచి వందల మైళ్ళ కాలువలు చేత్తో తవ్వారు. ఆ ఆనవాళ్ళు మీసాలోనే ఒక పార్కులో చూడొచ్చు. ఇప్పటి కాలువలు కొన్ని చోట్ల వాళ్ళ దారినే నడుస్తున్నాయి. చాండ్లర్ కొత్త కాలనీలో ఇల్లు కొన్న మావాడికి ఈ హక్కు లేదు. వాడికి కుళాయి నీళ్ళు, డ్రిప్పే గతి. తూము వంక వాడు చూసిన చూపు ఆవిడ కనిపెట్టేశారు.

“నీళ్ళ గురించి దిగులు పడకు. నీళ్ళు ఎక్కడినుంచో ఒకచోటినుంచి వస్తాయి. నీడ మాత్రం ఎవరూ తెచ్చి ఇవ్వరు, మనం పెంచుకోవాల్సిందే” అన్నారు.

ఆ మాట ఎంత నిజమో కోళ్ళ షెడ్డు దగ్గర అర్థమైంది. షెడ్డు పొడవు తూర్పు పడమరలుగా ఉంది. మన గోదావరి జిల్లాల కోళ్ళఫారాలదీ అదే పద్ధతి, ఎండ ఏటవాలుగా లోపలికి చొరబడదు. పైకప్పుకు తెల్లరంగు, గోడల బదులు అరంగుళం కన్నుల ఇనుప వల. నక్కల్లాంటి కొయోటీలు తవ్వకుండా ఆ వలను అడుగులోతు భూమిలోకి దించారు. బయట కోళ్ళు తిరిగే జాగా పైన కూడా వలే. ఇక్కడి హారిస్ డేగలు గుంపు కట్టి వేటాడతాయి. పడమటి వైపు రెండు మెస్కీట్ చెట్లు. సాయంత్రపు ఎండ షెడ్డును తాకకుండా అవి అడ్డం. దగ్గరికెళ్ళి ఆకు చూస్తే ఎక్కడో చూసినట్టే అనిపించింది. మన సర్కారు తుమ్మకు దాయాది అది. అక్కడ చెరువుల్నీ పొలాల్నీ మింగేస్తోందని మనం కొట్టేస్తున్న చెట్టు బంధువును ఇక్కడ నెత్తిన పెట్టుకుంటున్నారు. వేసవిలో నీడ ఇస్తుంది, చలికాలం ఆకు పలచబడి ఎండ రానిస్తుంది, నేలకు నత్రజని చేరుస్తుంది. కాయల్ని ఇక్కడి ఆదివాసులు తరతరాలుగా పిండి కొట్టుకుని తింటున్నారు.

షెడ్డులో రెండు జాతులు. ఒకటి తెల్ల లెఘార్న్. మన బజార్లో దొరికే తెల్లగుడ్ల వెనకున్నదీ ఈ జాతే. రెండోది కొచిన్, ఒళ్ళంతా ఈకలు, కాళ్ళకు కూడా ఈకలే. లెఘార్న్ పుంజు 2.7 కిలోలు తూగాలని పోటీ ప్రమాణం. కొచిన్ పుంజుకు 5 కిలోలు. ఒకటి మధ్యధరా తీరంది, ఒకటి చైనా మూలాలది. ఎడారి ఎవరి పక్షమో చూడగానే తెలిసిపోతుంది.

కోడి ఒంటి వేడి మామూలుగానే 41 డిగ్రీలు. దానికి చెమట పట్టదు. రెక్కలు ఒంటికి ఎడంగా పెట్టి, నోరు తెరిచి రొప్పడమే దారి. తురాయిలోకి, గొంతు కింద వేలాడే ఎర్రటి తమ్మెల్లోకి రక్తం పారి కొంత వేడి బయటికి పోతుంది. లెఘార్న్‌కు పెద్ద తురాయి ఉండటం అందుకే అక్కరకొస్తుంది. ఎక్కువసేపు రొప్పితే ఒంట్లోంచి బొగ్గుపులుసు వాయువు అతిగా పోయి, గుడ్డు పెంకుకు కావలసిన సరుకు తగ్గుతుంది. వేసవి గుడ్లు చేతిలోనే చితికిపోయేది ఇందుకే.

“జూన్‌లో 43 డిగ్రీలున్నా నేను నిద్రపోతాను. ఆగస్టులో 40 అంటేనే భయం” అన్నారావిడ. జూన్ గాలిలో తేమ ఉండదు. నీటి తుంపర చల్లితే క్షణంలో ఆవిరై షెడ్డు చల్లబడుతుంది. తర్వాత రుతుపవనాలు వచ్చి గాలి బరువెక్కాక తుంపర ఆరదు, కూలర్ కూడా పనిచేయదు. రాజమండ్రి ఉక్కపోత ఎరిగినవాళ్ళకు ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు. 2023లో ఫీనిక్స్‌లో వరసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటాయి. రాత్రులు కూడా 32 కిందికి దిగని రోజులు వరసగా వచ్చాయి. ఆవిడ కొచిన్లలో మంచివి కొన్ని ఆ నెలలోనే పోయాయి. “పగటి ఎండ కాదు చంపింది. రాత్రి చల్లబడకపోవడం.” ఆ తర్వాత కొచిన్ల గదికి ఏసీ పెట్టించారు. మేత తెల్లవారుజామునే వేస్తారు, అరుగుదలకు పుట్టే వేడి ఎండవేళకు తోడవకుండా. సీసాల్లో నీళ్ళు గడ్డకట్టించి నేల మీద దొర్లిస్తే, కోళ్ళు వాటికి ఆనుకుని పడుకుంటాయట.

మేం వెళ్ళిన వారంలోనే పోటీ ఉంది. ఒక లెఘార్న్ పెట్టకు స్నానం చేయిస్తుంటే పక్కన నిలబడ్డాం. మూడు తొట్లు. మొదటిదాంట్లో గోరువెచ్చని నీళ్ళు, పిల్లల షాంపూ. రెక్కల్ని రెండు చేతులతో ఒడిసి పట్టి మెడదాకా ముంచారు. ఒక్క క్షణం పెనుగులాడి, వెచ్చదనం తగలగానే కళ్ళు మూసుకుంది. ఈకను మొదలునుంచి చివరకే రుద్దాలి, ఎదురు రుద్దితే విరుగుతుంది. రెండో తొట్టిలో కాస్త వెనిగర్, సబ్బు వదలడానికి. మూడోదాంట్లో మంచినీళ్ళలో రెండు చుక్కలు గ్లిజరిన్. తర్వాత టూత్‌బ్రష్షుతో కాళ్ళ పొలుసుల సందులు తోమి, తురాయికి వాజలీన్ రాశారు. తురాయికి ఐదు మొనలు ఉండాలి. పుంజుకైతే నిటారుగా నిలవాలి. పెట్టకు మొదటి మొన నిలిచి, మిగతావి ఒక పక్కకు ఒరగాలి. పక్కనుంచి చిన్న కొమ్ము మొలిచిందా, ఆ పక్షికి పోటీలో చోటు లేదు.

“ఎండలో పెడితే అరగంటలో ఆరిపోతుంది కదా?” అన్నాడు మావాడు.

ఆవిడ పెట్టను తువ్వాలులో చుట్టేసి లోపలికి తీసుకుపోయారు. ఎండ తగిలితే తెల్ల ఈకకు ఇత్తడి ఛాయ వస్తుంది, న్యాయనిర్ణేత రెక్క విప్పగానే పట్టేస్తాడు. ఎండకు ఓర్చుకునే జాతిని తెచ్చుకుని, దాన్ని ఎండ కంట పడకుండా దాచడం ఈ విద్యలోని కిటుకు. అందుకే ఇక్కడ కాలచక్రం తిరగబడి ఉంటుంది. జనవరి, ఫిబ్రవరుల్లో గుడ్లు పొదిగిస్తారు, ఎండలు ముదిరేలోపు పిల్లలు ఈక కట్టుకోవాలి. పెద్దవి వేసవి చివర పాత ఈక రాలుస్తాయి. ఈకలో అధికభాగం మాంసకృత్తే కాబట్టి అప్పుడు మేతలో దాన్ని పెంచుతారు. శీతాకాలపు పోటీలకు కొత్త ఈక సిద్ధం.

కొలతలన్నీ అమెరికన్ పౌల్ట్రీ అసోసియేషన్ ప్రమాణ గ్రంథంలోవి. సంఘం 1873లో పుట్టింది, పుస్తకం మొదటి కూర్పు 1874లో వచ్చింది. ఆవిడ ప్రతి నలిగి అంచులు చిరిగి ఉంది. అందులో మన అసీల్ పేజీ తీసి చూపించారు. 1981లో దాన్ని చేర్చారు. డేగ, కాకి, నెమలి, సేతువ అంటూ మన పందెగాళ్ళు ఈక రంగును బట్టి పుంజుకు పేరుపెట్టి, ఏ రోజు ఏది గెలుస్తుందో లెక్కలు కడతారని చెప్పాను. ఆసక్తిగానే విన్నారు గానీ, అరిజోనాలో 1998లో ప్రజలే ఓటేసి కోడిపందేలు నిషేధించారని గుర్తుచేశారు.

తోటలోనూ తిరగేసిన లెక్కే. ఎత్తుమడులు ఈ గాలికి ఇట్టే ఎండిపోతాయి, అందుకని మడులన్నీ నేలకంటే జానెడు లోతున ఉన్నాయి. గుంత తవ్వేటప్పుడు గడ్డపారకు ఖంగుమని తగిలే సుద్దపొర అడ్డొస్తుంది. దాన్ని పగలగొట్టకపోతే నీరు దిగదు, ఉప్పు పైకి తేలుతుంది. టమాటా నారు ఫిబ్రవరి చివర నాటి జూన్‌లోపు కోసుకోవాలి. ఆ తర్వాత రాత్రులు వేడెక్కి పూత నిలవదు. నడివేసవి నిలబడేవి బెండ, బొబ్బర్లు, తోటకూర, చిలగడదుంప. జాబితా విని మావాడు నవ్వేశాడు, వాడి పెరట్లో ఉన్నవీ అవే, గోంగూర, మునగ అదనం. ఇక్కడి ఓథమ్ ఆదివాసుల టెపరీ చిక్కుడు ఒక మడిలో గింజ కట్టి ఉంది. ఒకటి రెండు మంచి వానలకే పండే పంట అది.

కోళ్ళ ఎరువు పచ్చిగా వేస్తే మొక్క మాడిపోతుంది, పైగా ఇక్కడి నేలలో ఉప్పు ముందే ఎక్కువ. ఎండుటాకులతో కలిపి నెలలపాటు కుళ్ళబెట్టాకే మడికి చేరుస్తారు. ఆ ఆకులు మెస్కీట్ చెట్టువి. చెట్టు షెడ్డును కాస్తుంది, షెడ్డు మడిని పోషిస్తుంది, మడిలోని ముదురాకు మళ్ళీ కోళ్ళకే. ఇందులో చెట్టును తీసేస్తే తక్కినవేవీ ఆ ఎండకు నిలబడవు.

సెలవు తీసుకునేముందు మావాడు అసలు సంగతి అడిగాడు, ఏ జాతి కొనమంటారని. మీ పెరట్లో పడమర ఏముందని ఆవిడ ఎదురడిగారు. కాంక్రీటు గోడ అన్నాడు. “అయితే ఈ నెలలోనే అక్కడ చెట్టు నాటు. నాటడానికి ఇదే అదను. దాని నీడ గోడ దాటాక షెడ్డు వెయ్యి. కోళ్ళ సంగతి ఆ తర్వాత చూద్దాం.” ఎన్నాళ్ళు పడుతుందన్నాడు. బాగా నీళ్ళు పెడితే రెండు మూడు వేసవులన్నారు.

కారెక్కాక మావాడు లెఘార్న్‌ల ఊసెత్తలేదు. నర్సరీ ఎన్నింటికి తెరుస్తారో ఫోన్‌లో చూస్తున్నాడు.