పక్కనుండి చెప్పే గొంతు

వేసవికి నూజివీడు వచ్చిన మా అమ్మాయి చిన్నరసాల బుట్ట పక్కకు నెట్టి, వసారాలో రబ్బరు మెడ ఒకటి ముందు పెట్టుకుని కూచుంది. మత్తు డాక్టరు చదువు లెండి. “తరవాత?” అంటే చాలు, సెల్‌ఫోను నింపాదిగా చెబుతోంది: “గొంతుముడి కింద పొర తడుము. కత్తి అడ్డంగా గుచ్చు. పదును కాళ్లవైపు తిప్పు. బూజీ కడ్డీ దూర్చు. దానిమీదుగా గొట్టం ఎక్కించు.”

“ఇంత చదివీ ఇంకొకరు చెప్పాలా?” అన్నాను.

“ఏ దారినా గాలి పోనప్పుడు చేసే పని నాన్నగారూ. నాలుగైదు నిమిషాలు దాటితే మెదడు దెబ్బతింటుంది. ఆ కంగారులో వచ్చిందీ మరిచిపోతాం. చేతులు రెండూ పనిలో ఉంటే పుస్తకం తిరగేసేదెవరు?”

2005లో ఇంగ్లండులో మార్టిన్ బ్రామిలీ అనే విమాన చోదకుడి భార్యకు చిన్న ఆపరేషనులో ఊపిరాడలేదట. నర్సులు మెడకోతకు సామాను సిద్ధం చేసినా, పెద్ద డాక్టర్లు నోటినుంచే గొట్టం వెయ్యాలని చూస్తూ ఉండిపోయారట. ఆవిడ దక్కలేదు. విమానాలవాళ్ల జాగ్రత్తలు వైద్యులకూ రావాలని ఆయన 2007లో ఒక సంఘమే పెట్టాడట.

నాకు మా బామ్మ గుర్తొచ్చింది. తమ్ముడికి మామిడిముక్క గొంతుకడ్డం పడితే అందరం ఏడ్చాం. ఆవిడొక్కతే వంటింట్లోంచి, “వంచి వీపుమీద చరవండిరా!” అంది. నాన్న విన్నాడు. తమ్ముడు బతికాడు.

ఇంతలో ఫోనులో చార్జి అయిపోయింది.

“మీరు చదవండి,” అని కాగితం ఇచ్చింది. కళ్లజోడు సవరించుకున్నాను. మూడో మాట దగ్గర తడబడ్డాను. నేను చెప్పేదాకా దాని చెయ్యి కదలలేదు.