మిమిక్రీ పెట్టె

మా అక్క ఫోను చేసిందంటే ఊరగాయ సంగతో మోకాళ్ళ నొప్పుల సంగతో అయివుంటుందని నా ధైర్యం. ఆ రోజు మాత్రం ఎత్తగానే, "ఒసే, వాడు గాజులు అమ్మమంటున్నాడే!" అంది.

వాడంటే అక్క చిన్నకొడుకు. పగలు గుంటూరులో సెల్‌ఫోన్ల కొట్లో ఉద్యోగం. రాత్రిళ్ళు పెళ్ళిళ్ళలోనూ పందిళ్ళలోనూ సినిమా పాటల ఆర్కెస్ట్రాకి గిటారు వాయిస్తాడు. గాజులంటే బావగారు చేయించిన వాటిల్లో మిగిలిన ఒక్క జత. అవి అమ్మి కొనేది పొలమా, స్థలమా అంటే అదీ కాదు. గిటారుకి తగిలించుకునే పెట్టెట!

"నీ మాటంటే వాడికి గురి. నువ్వే చెప్పాలి" అని భారం నా నెత్తిన పెట్టింది అక్క.

వాడికి నా మాటంటే గురి కాదు, గాయం. ఆ సంగతి అక్కకి తెలియదు. రెండేళ్ళ క్రితం మా ఇంట్లో శుభకార్యానికి వాడు వాయిస్తానని ముచ్చటపడితే, పదిమంది ముందూ, "ఒకళ్ళు కట్టిన పాటల్ని మక్కీకి మక్కీ దించడం కూడా విద్యేనట్రా?" అన్నాను. నవ్వుతూనే అన్నాననుకోండి. నవ్వుతూ అన్నవే లోతుగా దిగుతాయని నా నవలల్లో నాలుగుచోట్ల రాసిన మనిషిని కూడా నేనే. ఆనాటి నుంచీ వాడు మా గడప తొక్కలేదు.

అయినా పిలవగానే వచ్చాడు. వీపున గిటారు, చేతుల్లో మూడు పెట్టెలు. ఒకటి వాడిదే, రెండు అరువు తెచ్చినవి.

"ముందు ఇవేమిటో చెప్పరా" అన్నాను.

"కరెంటు గిటారుకి సొంత గొంతు ఉండదు పిన్నీ. దాని గొంతంతా ఆంప్లిఫయరే" అని మొదలుపెట్టాడు. పాతకాలం ఆంప్లిఫయర్లలో గాజు వాల్వులుండేవట. మా తాతగారి మర్ఫీ రేడియో గుర్తొచ్చింది నాకు. మీట నొక్కి, లోపల ఎర్రగా వెలిగేదాకా కాచుక్కూచునేవాళ్ళం. ఆ వాల్వుల్ని గట్టిగా మోగిస్తే గొంతు కాస్త జీరపోతుందిట. గిటారువాళ్ళు ప్రాణం పెట్టేది ఆ జీరకే. కానీ ఫెండర్ ట్విన్ రివర్బ్ లాంటి పేరున్న ఆంప్లిఫయరు దాదాపు 30 కిలోలు. సత్తెనపల్లి నుంచి మాచర్ల బస్సులో పెళ్ళికి పోయే కుర్రవాడు దాన్ని ఏ సీట్లో కూచోబెడతాడు?

అందుకని ఆ గొంతుల్ని అనుకరించే యంత్రాలు పుట్టాయి. వీటిని మోడలర్లంటారు. 1998లో లైన్ సిక్స్ అనే అమెరికా కంపెనీ 'పాడ్' అని ఎర్రటి చిక్కుడుగింజ ఆకారంలో ఒకటి తెచ్చింది. 2011లో జర్మనీ వాళ్ళ 'కెంపర్' వచ్చింది. అదైతే అసలు ఆంప్లిఫయరుని పక్కన పెట్టుకుని విని, దాని గొంతు నేర్చేసుకుంటుంది. ఈ పెట్టె తీగని తిన్నగా మిక్సరుకి తగిలిస్తే చాలు, పెద్ద స్పీకర్లలో మోగుతుంది. మిక్సరంటే మన వంటింటి మిక్సీ కాదులెండి, పందిట్లో సౌండు కుర్రాడి ముందు బోలెడు మీటలతో ఉండే బల్ల.

"అంటే పెట్టెలో నేరెళ్ళ వేణుమాధవ్ గారన్నమాట" అన్నాను. ఒక్క గొంతులో ఎందరి గొంతుల్నో పలికించిన ఆ వరంగల్ మహానుభావుణ్ణి ధ్వన్యనుకరణ సామ్రాట్ అని నెత్తిన పెట్టుకున్నాం. మా సత్తెనపల్లి పక్కన చాగంటివారిపాలెంలో పుట్టిన బ్రహ్మానందం గారు కూడా సినిమాల్లోకి రాకముందు తెలుగు పాఠాలు చెబుతూ మిమిక్రీ చేసినవారే. వాళ్ళ అనుకరణని విద్య అన్నదాన్ని, అక్క కొడుకు దగ్గరికొచ్చేసరికి నోరెందుకు జారాను? మీరే చెప్పండి.

ఇక బేరాల సంగతి. నాలుగు బ్యాటరీలతో నడిచే బాస్ జీటీ-1 ఉంది, బరువు కిలోన్నర కూడా లేదు. కాలితో నొక్కే మీటలు మూడుండే హెచ్ఎక్స్ స్టాంప్ ఉంది, అది 2018 నాటిది. వేలితో తాకే తెర, పదకొండు కాలిమీటలు ఉండే క్వాడ్ కార్టెక్స్ ఉంది. దాని ధరకి మోటారు సైకిలు వస్తుంది. ఇలా సెల్లులో ఎన్నో చూపించాడు. మా ఇంటికొచ్చిన ముగ్గురి పేర్లు మాత్రం చెప్పను, ఎవరి వ్యాపారం వారిది. చిన్నది, నడిమిది, పెద్దది అనుకుందాం.

పెళ్ళిచూపులు తెర వెనక జరిగాయి. నన్నూ అత్తగారినీ ఇవతల కూచోబెట్టి, ఒకే ముక్క మూడింట్లో వాయించాడు. అత్తగారు శ్రద్ధగా విని, "రెండోది బాగుందిరా, పెళ్ళిలో జనరేటరులాగా కాకుండా" అన్నారు. తీరా చూస్తే రెండోసారి మోగింది వాడి పాత చిన్నదే. వాడి మొహం చిన్నబోయింది.

"ఇంట్లో కాదు పిన్నీ, పందిట్లో వినాలి. నవమికి రండి" అని వెళ్ళాడు.

శ్రీరామనవమి రాత్రి చలువపందిట్లో వడపప్పు తింటూ అక్కా నేనూ ముందు వరసలో కూచున్నాం. వాడు అరువు తెచ్చిన పెద్దదానితో ఎక్కాడు. మొదటి రెండు పాటల్లో గిటారు ఉందో లేదో తెలియలేదు. కీబోర్డు, ప్యాడ్లు, డోలక్కు అన్నీ కలిసి దాన్ని మింగేశాయి. తర్వాత వాడే చెప్పాడు. ఇంట్లో నెమ్మదిగా వింటే మన చెవికి మరీ కింది శ్రుతులూ, మరీ పై శ్రుతులూ తక్కువగా ఆనతాయిట. దాంతో అవి పెంచేసుకుంటాం. పందిట్లో గట్టిగా మోగేసరికి కిందివి గుమ్మని, పైవి కీచుమని, మనిషి గొంతు నడిచే మధ్య శ్రుతులు చిక్కిపోతాయి. ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు 1933లోనే లెక్కకట్టిన సంగతిట ఇది. మనకి లెక్కలక్కర్లేదు. గిన్నెలో పప్పుకి వేసే ఉప్పు అంచనా గుండిగలో పప్పుకి పనికిరాదని మనకి ఎప్పుడో తెలుసు.

మూడో పాటకి మధ్య శ్రుతులు సరిచేసుకున్నాడు. అప్పుడు విన్నాను, వేలు ఎంత మెత్తగా తాకితే పెద్దది అంత మెత్తగా పలకడం. తేడా ఉంది. అబద్ధమెందుకు?

ఇంతలో కరెంటు పోయింది. జనరేటరు అందుకోవడానికి అరనిమిషం పట్టింది. స్పీకర్లు బతికాయి గానీ, కంప్యూటరు జాతి యంత్రం ఏదైనా సరే కరెంటు తెగితే మళ్ళీ లేచి మొహం కడుక్కోవద్దూ! గాయకుడేమో పాట ఎత్తేశాడు. మా వాడు సంచిలోంచి బ్యాటరీల చిన్నది తీసి, తీగ మార్చి, అందుకున్నాడు. అది ఇళయరాజా 'గీతాంజలి'లో పాట. ఆ సినిమా 1989లో వచ్చింది. అక్క పెళ్ళి కూడా ఆ ఏడే.

పక్కకి చూశాను. అక్క చేతిలో విసనకర్ర ఆగిపోయింది. కళ్ళు వేదిక మీద లేవు, ఎక్కడో ఉన్నాయి. ఆ క్షణంలో మోగింది అసలు ఆంప్లిఫయరా, నకలా, ఖరీదైన నకలా, చవక నకలా అని అక్కని అడగగలనా? వాడు ఒక్క స్వరం తప్పినా మాత్రం ఆ విసనకర్ర మళ్ళీ ఊగేదే.

పందిరి ఖాళీ అయ్యాక వాడు తీగలు చుట్టుకుంటుంటే దగ్గరికెళ్ళాను.

"ఒరే, ఆనాడు నేనన్న మాట..."

"అది నిజమే గదా పిన్నీ" అన్నాడు తలెత్తకుండా. "మక్కీకి మక్కీ దించడానికే నాకు ఆరేళ్ళు పట్టింది."

పానకం గ్లాసు చేతిలో పట్టుకుని నిలబడిపోయాను. పాతికేళ్ళుగా పరాయివాళ్ళ కష్టాలు దించుకుని రాసి, పైన నా పేరు వేసుకునేదాన్ని, నేనేమని జవాబు చెప్పను?

"తప్పయిందిరా" అన్నాను. వాడు సంచి జిప్పు మూడుసార్లు లాగాడు. అప్పటికే అది పడివుంది.

"పెద్దది బాగుంటుంది పిన్నీ. ఆ తేడా నాకు తెలుస్తుంది. కానీ జనం వినేది నా వేళ్ళనే గదా. నడిమిది కొంటా, నా జీతంలో వాయిదాల మీద. చిన్నది ఎట్టాగూ సంచిలో ఉంటది."

మర్నాడు పొద్దున్నే అక్క ఫోను. ఈసారి మామిడికాయల ధర మండిపోతోందట, ఆవకాయ ఎన్ని కాయలు పెట్టాలో తేలడం లేదట. ఆవిడ మాట్లాడుతున్నంతసేపూ వెనక గాజులు గలగలమంటూనే ఉన్నాయి. ఆ చప్పుడుకి నకలు తీసే పెట్టె ఇంకా రాలేదనుకుంటాను.