ఎర్రపెట్ట పావుగంట

మా పెరట్లో నాలుగు పెట్టలున్నాయంటే, "మీకేమండీ, కొనే పని లేకుండా రోజూ గుడ్లు!" అంటారు తెలిసినవాళ్ళు. పెట్ట పొదుగుకొచ్చిన పెరడు వాళ్ళు చూసి ఉండరు.

పోయిన మాఘమాసంలో మా ఎర్రపెట్ట గూట్లోంచి లేవడం మానేసింది. చెయ్యి పెడితే ఈకలు నిక్కించి, కుర్రుమంటూ బుట్టెడంత అయి కూర్చుంది. కింద చూస్తే ఒక్క గుడ్డూ లేదు. అన్నీ పొద్దున్నే నేనే తీసేశాను కదా! పైగా మా ఇంట్లో పుంజే లేదు. ఆ సంగతి దానికెందుకు?

ఎదురింటావిడ "చన్నీళ్ళలో ముంచండి, దిగొస్తుంది" అన్నారు. ఇంకొకావిడ ముక్కుకి ఈక గుచ్చమన్నారు. మావారు ఎక్కడో చదివి, అడుగున గాలాడే జాలీ పంజరంలో మూడు నాలుగు రోజులుంచితే పొట్ట చల్లబడి, ఒంట్లో ప్రొలాక్టిన్ తగ్గి, మళ్ళీ గుడ్లకొస్తుందని ఉపన్యాసమిచ్చారు. లెగార్న్ కోళ్ళలోనయితే ఈ గుణాన్నే తరతరాలుగా ఏరి తీసేశారట. పంజరం కోసం ఆయన బజారుకెళ్ళగానే నేను బకెట్‌తో నీళ్ళు తెచ్చాను.

అప్పుడు లేచింది అమ్మ.

నాన్న పోయి అప్పటికి మూడు నెలలు. పల్లె నుంచి తీసుకొచ్చానన్న మాటే గానీ, వసారాలో కుర్చీ వదిలేది కాదు. కంచం పెడితే నాలుగు మెతుకులు కెలికి చెయ్యి కడిగేసేది. నవలల్లో ఎంత మొండి మనిషినైనా మూడు వారాల్లో దారికి తేగలను. అమ్మ దగ్గర నా విద్య పారలేదు.

"దాన్నలా ఏడిపిస్తావేమే? కూర్చోవాలనుంటే కూర్చోనీ. కింద నాలుగు గుడ్లు పెట్టు" అంది.

పాలబ్బాయి చేత పుంజున్న ఇంటి నుంచి తొమ్మిది గుడ్లు తెప్పించాం. పాత గంపలో గడ్డి పరిచి, చీకటి పడ్డాక ఒక్కొక్కటే దాని పొట్ట కిందికి అమ్మే తోసింది. పగలయితే బెదురుతుందట.

ఇక రోజూ పొద్దున్నే దాన్ని రెండు చేతులా ఎత్తి దించేది. నూకలు తిని, నీళ్ళు తాగి, బూడిదలో పొర్లి, పావుగంటలో పరుగున మళ్ళీ గంపలోకి. గుడ్లు చల్లారిపోతాయేమోనని నా కంగారు.

"ఏం కాదులే. తిండి మాని తల్లి చస్తే పిల్లల్నెవరు చూస్తారు?" అంది అమ్మ. అని, తనే ఓ క్షణం ఆగిపోయింది. నేనేమీ అనలేదు. ఇడ్లీల ప్లేటు తెచ్చి పక్కన పెట్టాను. కోడి తింటున్నంతసేపూ అమ్మ కూడా తింది. మర్నాడూ అంతే.

ఏడో రోజు రాత్రి టార్చి లైటు మీద గుడ్లు పట్టి చూశాం. ఏడింట్లో ఎర్రటి నరాలు సాలెగూడులా కనిపించాయి. రెండింట్లో ఏమీ లేదు. 21వ రోజున పెంకుల్లోంచి కీచుకీచులు. సాయంత్రానికి ఆరు పిల్లలు. ఏడోది పెంకు పగలగొట్టుకోలేకపోయింది. నేను ఏడ్చాను. అమ్మ ఏడవలేదు. దాన్ని గోరింట చెట్టు కింద పాతిపెట్టి వచ్చి, మిగిలిన ఆరింటికీ నూకలు నూరింది.

పిల్లలకి నెల నిండగానే "ఇంక నే వెళ్తానే. ఇంటికి తాళమేసి ఎన్నాళ్ళయింది!" అంది. వద్దంటే వినలేదు. గంపనీ, ఎర్రపెట్టనీ, పిల్లల్నీ కూడా పట్టుకుపోయింది.

ఇప్పుడు రోజూ రాత్రి ఫోన్ చేసి "తిన్నావా అమ్మా?" అంటాను. "ఆ తిన్నాలే. అది మళ్ళీ కూర్చుందే!" అంటుంది. తర్వాత పావుగంటసేపు ఆ కబుర్లే.

మావారు కొన్న పంజరమా? ఉల్లిపాయలు పోసుకుంటున్నాం. గాలి బాగా ఆడుతుంది.