మా పెరటి వస



మా పెరటి బావిప్రక్క, చేదనీరు జారి యెప్పుడును తడిగా నుండుచోట, ఒక వసగుబురు కలదు. నాలుగేండ్ల క్రిందట, మేము గర్భవతిగా నున్నప్పుడు, పుట్టింటి చెరువుగట్టునుండి బొటనవ్రేలంత దుంపముక్కను తడిగుడ్డలో చుట్టి తెచ్చి నాటితిమి. బిడ్డకు వసపోసినచో మాటలు త్వరగా వచ్చునని మా యత్తగారి కోరిక.

వస బురదనేలల మొక్క. అమరకోశమున దీనికి ఉగ్రగంధ యనియు, శతపర్విక యనియు పేర్లు గలవు. ఆకు నలిపినచో మొదటి పేరును, కణుపుల దుంపను త్రవ్వినచో రెండవ పేరును అర్థమగును. దీనిని పెంచుట కష్టము గాదు. కన్నుగల దుంపముక్కను చెరువుమట్టిలో అడ్డముగా, పైపైన పాతవలెను. పెరడు లేనివారు అడుగున రంధ్రము లేని తొట్టిలో పెంచవచ్చును. మట్టి యెన్నడును ఆరరాదు. కాని పైన నీరు నిలిచినచో దోమలు చేరును గనుక వాననీటిని వంచివేయవలెను. బియ్యము కడిగిన నీరు పోయవచ్చును గాని సబ్బునీరు తగదు. ఏడాదికి కత్తులవంటి ఆకులు గుబురుకట్టును. అవి పండుబారినపుడు కొంతదుంప త్రవ్వుకొని తక్కినది విడిచినచో మరల చిగుర్చును.

మా కుమారునికి ఏడాదిన్నర నిండినను ఒక్క మాటయు రాలేదు. వాడు వసపిట్ట కావలెనని యత్తగారు దినదినమును దుంపను సానపై అరగదీసి నాకించుచుండిరి. మేమును వలదనలేదు. ఒకనాడు వాడు పలుమారులు వాంతిచేసికొని వాడిన తీగవలె భుజముపై వ్రాలిపోయెను. మావారు బడినుండి పరుగున వచ్చిరి. ఆసుపత్రిలో వైద్యురాలు మందిచ్చి, వసలో బీటా అసరోన్ అను హానికర ద్రవ్యము కలదనియు, అమెరికాలో 1968వ సంవత్సరముననే దీనిని ఆహారమున వాడరాదని నిషేధించిరనియు చెప్పెను. పిమ్మట, "పిల్లవానికి వినబడుచున్నదా?" అని యడిగెను.

ఆ ప్రశ్న మా కెన్నడును తోచలేదు. పరీక్షింపగా రెండు చెవులను వినికిడి తక్కువయని తేలెను. లోపము చెవిలో నుండగా మేము నాలుకకు మందు వేయుచుంటిమి! పోయిన యా నెలలను తలచినపుడెల్ల మాకు నేటికిని కన్నీరు వచ్చును.

ఇల్లు చేరగానే యత్తగారు గునపము తీసికొని వసను పెల్లగింప బోయిరి. "మొక్క యేమి చేసినది, అత్తయ్యా? తెలియనిది మనకు," అని మేము చేయి పట్టుకొంటిమి. ఇద్దరమును బావిగట్టున కూర్చుండి యేడ్చితిమి. ఎండిన దుంపముక్కలు ఇప్పుడు మావారి పుస్తకముల బీరువాలో పురుగు పట్టకుండ కాపాడుచున్నవి.

సోదరీమణులారా, వసను పెంచుడు, దాని పచ్చదనమును వాసనను అనుభవింపుడు; బిడ్డల నోట మాత్రము పెట్టకుడు. పుట్టిన నెలలోపలనే వినికిడి పరీక్ష చేయవచ్చును, దానిని మరువకుడు.

వినికిడి యంత్రము పెట్టిన కొన్ని నెలలకు మావాడు మాటలు నేర్చెను. మొన్న యత్తగారు వసయాకు నలిపి వాని ముక్కుకడ నుంచగా, మొగము ముడిచి "కంపు!" అనెను. అమరసింహుడు చెప్పినదియు నదియే గదా యని మేము నవ్వుకొంటిమి.