గీత కొట్టిన ధర

పిల్లగానికి బీటెక్ సీటొచ్చిందంట గదా! సంతోషం. లాప్‌టాప్ కొన్నరా? ఇంకా లేదా? అయితే జర కూసోండి.

ముందు ఆ గీత ముచ్చట. 90 వేలు అని రాసి, దాని మీద గీత కొట్టి, కింద 65 వేలు అంటరు. పాతికవేలు మిగిలినయని మనం మురుస్తం. ఆ 90 వేలకు ఎన్నడన్న, ఎవరన్న కొన్నరా? ఎమ్మార్పీ కన్న ఎక్కువకు అమ్మొద్దని చట్టముంది గని, తక్కువకు ఎంతకైన అమ్ముకోవచ్చు. అందుకే పై అంకె పెద్దగ వేస్తరు. గీత కొట్టెటందుకే!

అట్లని తగ్గింపంత ఉత్తదే అనకండి. ధర లేదని కోల్డ్ స్టోరేజీల పెట్టి ఆగెటందుకు ఇది మిర్చి కాదు. ఉన్నకొద్ది పాతదయితది. ఏటా జనవరిల లాస్ వేగాస్‌ల సీఈఎస్ అని ఒక జాతర. ఇంటెల్, ఏఎమ్‌డీ వాళ్లు కొత్త చిప్పులు అక్కడ చూపిస్తరు. కొన్నాళ్లకు ఆ మిషిన్లు మన దుకాణాలకు దిగుతయి. ఇగ నిరుటి మోడల్ మొఖం చూసెటోడుండడు. పైగా కంపెనోళ్లు అమ్మకాల లెక్క మూణ్ణెళ్లకోసారి చెప్పాలె. గోదాంల సరుకుంటే లెక్క నిండదు. అందుకే ధర దించి సాగనంపుతరు. నాకైతే ఆ నిరుటి మోడలంటేనే పాణం! తేడా ఫస్టియర్ పిల్లగానికి ఏం తెలుస్తది?

ఎప్పుడు కొనాలె అంటరా? భూపాలపల్లోళ్లు అదృష్టవంతులు. సింగరేణి కార్మికులకు లాభాల వాటా ఎక్కువగ దసరా ముంగటనే పడతది. ఫ్లిప్‌కార్ట్, అమెజాన్ పండుగ అమ్మకాలూ అప్పుడే. 2014 అక్టోబర్‌ల ఫ్లిప్‌కార్ట్ బిగ్ బిలియన్ డే మొదలైనప్పటి సంది బతుకమ్మ పాటలతోటే ఈ ఆఫర్ల గోల. మహబూబాబాద్ మిర్చి రైతు చేతిల పైసలాడేది ఎండకాలం మొదట్ల. నిరుటి మోడళ్లు దులుపుకునేదీ ఆ రోజులల్లనే. ఎంత బాగ కుదిరింది! జనగామోళ్లకేంది, రైలెక్కి సికింద్రాబాద్‌ల దిగితే సీటీసీ, కంప్యూటర్ల బజారు. చెనాయ్ ట్రేడ్ సెంటర్ అని పూర్తి పేరు చెప్తే ఆటో ఆయన బిక్కమొఖం వేస్తడు. అక్కడ బేరమాడుడే ఒక సరదా. బిల్లు మాత్రం అడిగి తీసుకోండి. 18 శాతం జీఎస్టీ పోతే పాయె, వారంటీకి అదే ఆధారం.

కాలేజీలు తెరిచే జూన్, జూలైలనా? అప్పుడు ధర తగ్గుడు కన్న ఫ్రీగ ఇచ్చే బ్యాగు, మౌసు, ఇయర్‌ఫోన్ల హడావుడే ఎక్కువ. నేనైతే ఆ బ్యాగుకే పడిపోత!

ఒక్క మెలిక. 2025 చివర నుంచి ర్యామ్ ధరలు మండుతున్నయి. ఏఐ డేటా సెంటర్లు మెమరీ చిప్పులను ఎగరేసుకపోతున్నయి మరి. ఇసొంటప్పుడు దసరా దాకా ఆగితే దిగుతదని చెప్పలేం. అవసరం మీద పడితే ఆగకండి. 16 జీబీ ర్యామ్‌తోని నిరుటి మోడల్ దొరికిందా, కొనేయండి. 8 జీబీదే దొరికితే, ఇంకోటి వేసుకునే స్లాట్ ఉన్నదా అని అడగండి. సన్న మిషిన్లల్ల చానా వాటికి ర్యామ్ బోర్డుకే అతికి ఉంటది, తర్వాత పెంచుకోలేరు. మోడల్ నంబర్ ఆఖరి అక్షరం దాక చదవండి. ఒకటే పేరు మీద లోపల వేరే వేరే చిప్పులుంటయి.